ఒకే ఫోను, నాలుగు భాషలు, పదో తరగతి: ఏది మానుకోవాలి?

లంకపిల్ల | 2020 సెప్టెంబరు 6

నమస్కారం. మాది ఎదుర్లంక. గౌతమికి అవతల యానాం, ఇవతల మేము. ఈ ఏడాది నాది పదో తరగతి. మార్చిలో మూసిన బడి ఇంకా తెరవలేదు. నా ప్రశ్న చిన్నదే. కాని ముందు ఇంటి సంగతి చెప్పకపోతే మీరంతా "టైం టేబుల్ వేసుకో అమ్మా" అని ఊరుకుంటారు. వేసుకున్నాను. అది గోడ మీద అంటించి ఉంది. ఇంట్లో లేనిది ఫోను.

ఇంటికంతా ఒకటే మంచి ఫోను, అది నాన్నది. నాన్న ఆటో నడుపుతారు. లాక్‌డౌన్‌లో ఆటో కదలలేదు కాబట్టి ఫోను రోజంతా ఇంట్లోనే ఉండేది, కాని అప్పుడు క్లాసులు లేవు. క్లాసులు మొదలయ్యేసరికి ఆటో కూడా మొదలైంది. ఇప్పుడు ఫోను పొద్దున ఏడింటికి నాన్నతో ముమ్మిడివరం వెళ్ళిపోతుంది, రాత్రి ఏడున్నరకు తిరిగి వస్తుంది. అక్కడి నుంచి తొమ్మిదిన్నర దాకా మాది. తమ్ముడికి గంట, నాకు గంట. బడి వాట్సాప్ గ్రూపులో ఆ రోజు వచ్చినవన్నీ ఆ గంటలోనే చూసి, రాసి, ఫొటో తీసి పంపాలి. పగలు సప్తగిరి చానల్లో వచ్చే పాఠాలు వింటాను. ఆ పాఠాలు బాగానే ఉంటాయి, అయితే టీవీని ఆపి "మళ్ళీ చెప్పండి" అనలేం కదా.

ఇక భాషలు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఎలాగూ బడిలో ఉన్నాయి. బడి బయట దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాస్తున్నాను. ప్రాథమిక, మధ్యమ అయ్యాయి, రాష్ట్రభాషకు చదువుతున్నాను. నాలుగోది ఫ్రెంచి.

ఫ్రెంచి ఎందుకని అందరూ అడుగుతారు. యానాంలో మా మేనత్త ఇంటి పక్కన ఒక మాస్టారు ఉన్నారు. 1954లో ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళేనాటికి ఆయన పన్నెండేళ్ళ పిల్లవాడు, చదివేది ఫ్రెంచి బడిలో. ఎనిమిదో తరగతి సెలవుల్లో నేను వాళ్ళ అరుగు మీద కూర్చుని ఆయన రేడియో వింటుంటే, "నోరు తెరిచి వినకు, నోటితో అను" అన్నారు. అలా మొదలైంది. ఫీజు తీసుకోరు. వెళ్ళినప్పుడల్లా రెండు కొబ్బరిబొండాలు పట్టుకెళ్ళేదాన్ని. శని, ఆదివారాలు సైకిలు మీద వంతెన దాటి వెళ్ళడం, రావడం. మార్చి ఆఖరులో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా ఊరికి, మాస్టారి ఊరికి మధ్య రాష్ట్ర సరిహద్దు ఉందని నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే. ఇప్పుడు వదులుతున్నారు. కాని మాస్టారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మాయి ఇంట్లోకి ఎవరినీ రానివ్వడం లేదు. తప్పు పట్టను.

అందుకని పాఠం ఫోనులోనే. ఆయనది బటన్ల ఫోను, మాట తప్ప మరేమీ రాదు. నేను డాబా ఎక్కి చేస్తాను. కింద అమ్మ మాస్కులు కుడుతూ ఉంటుంది, ఆ మిషను చప్పుడు పైదాకా వస్తుంది. మాస్టారు ఒక వాక్యం చెబుతారు, నేను రాసుకుని తిరిగి చదవాలి. మొన్న ఆయన "నది మీద గాలి వీస్తోంది" అని చెప్పారట. నేను రాసింది "నది మీద ద్రాక్షసారా వీస్తోంది". ఫ్రెంచిలో గాలి 'వాఁ', ద్రాక్షసారా 'వేఁ'. ఎదురుగా ఉంటే ఆయన నోరు చూసి కనిపెట్టేదాన్ని. ఫోనులో రెండూ ఒకేలా మోగుతాయి. ఈ ముక్కు శబ్దాలకు నేను పుస్తకంలో అరసున్న పెట్టుకుంటున్నాను. తెలుగు మేడం ఒకసారి 'ఏడు' అంటే 7, 'ఏఁడు' అంటే సంవత్సరం అని చెప్పి, ఇప్పుడు ఎవరూ రాయడం లేదు లెండి అన్నారు. పడి ఉన్న గుర్తే కదా అని నేను తీసుకున్నాను.

అసలు ఇబ్బంది ఇది. ఆగస్టులో వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు మా వీధిలోకి కూడా నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక దాని మీదే హిందీలో వ్యాసం రాశాను. మా హిందీ మాస్టారు రెండు వీధుల అవతల ఉంటారు. పుస్తకాన్ని సంచిలో పెట్టి వాళ్ళ గేటుకు తగిలించి వస్తే, ఒక రోజంతా ఎండలో ఉంచి గాని తెరవరు. తిరిగి వచ్చిన పుస్తకంలో ఎర్ర సిరా: "హమారీ గలీ మే పానీ ఆయీ" అన్నచోట 'ఆయీ' కొట్టేసి 'ఆయా' అని. ఫ్రెంచిలో నీళ్ళు స్త్రీలింగం, అందుకే అలా రాశాననుకుంటున్నాను. అదే వారం ఫ్రెంచిలో పుస్తకాన్ని 'లా లీవ్ర్' అన్నాను, ఎందుకంటే హిందీలో కితాబ్ స్త్రీలింగం. మాస్టారు ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అరకిలో దేన్ని చదివావమ్మా?" అన్నారు. 'లీవ్ర్' ముందు 'లె' ఉంటే పుస్తకం, 'లా' ఉంటే అరకిలో తూకమట.

ఒకదాన్ని ఇంకొకటి పాడుచేస్తోంది. పదో తరగతి అయ్యేదాకా ఒకటి మానేయాలా? మానేస్తే ఏది?

---

లెక్కలమాస్టారు_రిటైర్డ్ | సెప్టెంబరు 6

ఫ్రెంచి మానెయ్యి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. రామచంద్రపురం చుట్టుపక్కల ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. పదో తరగతిలో నాలుగు పడవల మీద కాలు పెట్టిన పిల్లలు ఏమయ్యారో చూశాను. హిందీకి పాసు మార్కులు ఇరవయ్యే, దాని గురించి ఇంత బెంగ ఎందుకు? లెక్కలు, సైన్సు చూసుకో. ఫ్రెంచి ఎక్కడికీ పోదు, ఒక ఏడాది ఆగితే నష్టం లేదు.

---

లంకపిల్ల | సెప్టెంబరు 7

మాస్టారూ, ఫ్రెంచి ఎక్కడికీ పోదు, నిజమే. మా మాస్టారికి డెబ్బై ఎనిమిదేళ్ళు.

ఇరవై మార్కుల కోసమైతే నేను హిందీ చదవనే అక్కర్లేదండి. టీవీ చూసినా వస్తాయి.

---

అమలాపురం_హిందీపండిట్ | సెప్టెంబరు 7

అమ్మా లంకపిల్లా, ముందు నీ ఫ్రెంచి మీద పెట్టిన నేరం కొట్టేస్తున్నాను. 'పానీ ఆయీ' అని ఫ్రెంచి పేరు కూడా వినని పిల్లలు ఏటా వందమంది రాస్తారు. కారణం ఆ పదం చివర ఉన్న 'ఈ'. లడ్‌కీ, నదీ, రోటీ, గాడీ అని మేమే మొదట్లో 'ఈ' కనిపిస్తే స్త్రీలింగం అని నూరిపోస్తాం. ఆ తర్వాత పానీ, ఘీ, దహీ, మోతీ, హాథీ వచ్చి మీ పని పడతాయి. ఇవన్నీ పుంలింగాలే.

తెలుగువాళ్ళకు ఇది ఎందుకు కొరుకుడు పడదో చెబుతాను. మనకు వస్తువులకు ఆడ, మగ లేదు. అంతకంటే ముఖ్యం, ఏకవచనంలో మన క్రియ మగవాణ్ణి ఒక్కణ్ణే విడిగా చూస్తుంది. అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, వరద వచ్చింది, జీతం వచ్చింది: వీటన్నిటినీ ఒకే గాట కడతాం. అలాంటి వాళ్ళను పట్టుకొచ్చి కుర్చీ ఆడదా మగదా అని అడిగితే ఏం చెబుతారు? నేను చదువుకునే రోజుల్లో మా గురువుగారి ముందు చావల్ అనే మాట వస్తే గొంతు తగ్గించి, క్రియను మింగేసేవాణ్ణి.

జాబితాలు కంఠస్థం చేయకు. పదాన్ని ఎప్పుడూ ఒంటరిగా రాసుకోకు. దాని పక్కన తోడు ఉండాలి: ఠండా పానీ, ఖట్టా దహీ, బడా హాథీ, నయీ కితాబ్. జంటను నోటికి అలవాటు చేస్తే క్రియ దానంతట అదే సర్దుకుంటుంది. మీ ఫ్రెంచిలో లె, లా ఎలాగూ ముందే వస్తాయి కాబట్టి వాటిని పదంలో భాగమే అనుకో. పుస్తకం ఫ్రెంచిలో 'లీవ్ర్' కాదు, 'లెలీవ్ర్'.

'నే' వచ్చే వాక్యాలు ఎలా రాస్తున్నావు? మైనే కితాబ్ పఢీ, మైనే అఖ్‌బార్ పఢా: చదివింది ఎవరైనా క్రియ చదివిన వస్తువు లింగాన్నే పట్టుకుంటుంది. రాష్ట్రభాషలో తప్పులు ఎక్కువ పడేది అక్కడే. పది వాక్యాలు రాసి ఇక్కడే పెట్టు, దిద్దుతాను. ఎండలో పెట్టనక్కర్లేదు.

---

భీమవరం_కుర్రాడు | సెప్టెంబరు 8

నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది. జపనీసు నేర్చుకుంటున్నాను. జూలైలో రాయాల్సిన జపనీసు పరీక్ష ప్రపంచమంతా రద్దయింది, కాబట్టి మీ బాధ నాకు తెలుసు.

నాకు అర్థమైన ఒక సంగతి చెబుతాను. కొత్త భాష మాట్లాడేటప్పుడు మధ్యలో తెలుగు దూరదు. దూరేది సగం వచ్చిన ఇంకో భాషే. నాకు జపనీసులో అడ్డం వచ్చేది హిందీ. జపనీసులో 'హై' అంటే అవును, హిందీలో 'హై' అంటే ఉంది. ఆన్‌లైన్ క్లాసులో "అర్థమైందా?" అని టీచరు అడిగితే నేను 'హై' అంటాను, ఏ భాషలో అన్నానో నాకే తెలియదు. కనుక ఇది మీ ఒక్కరికే వచ్చిన రోగం కాదు.

తెలుగును మాత్రం వాడుకోండి, అది అడ్డు కాదు నిచ్చెన. జపాన్‌వాళ్ళు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు 'ఇత్తె కిమసు' అంటారు. అంటే వెళ్ళి వస్తాను. అచ్చంగా మన మాటే! ఇంగ్లీషులో అర్థం రాసుకుని నెల రోజులు బట్టీ పట్టాను, ఒక రోజు మా నాయనమ్మ "వెళ్తాను అనకురా, వెళ్ళొస్తాను అను" అని కసిరితే అప్పుడు తట్టింది. తబెతె మిరు: తిని చూడు. అక్కడ కూడా 'చూడు' అనే క్రియే. 'వస్తానని చెప్పింది'లో మన 'అని' ఉండే చోటే వాళ్ళకు 'తో' అని ఒక ముక్క ఉంటుంది. క్రియ చివరికే వస్తుంది. నేను జపనీసు పాఠాన్ని ఇంగ్లీషులో ఆలోచించడం మానేశాక సగం బరువు దిగింది.

ఆ లెక్కన మీరు ఐదోది కూడా మొదలు పెట్టవచ్చు.

---

అమలాపురం_హిందీపండిట్ | సెప్టెంబరు 8

నాయనా భీమవరం, ఆ అమ్మాయి ఏది మానాలని అడుగుతుంటే నువ్వు ఇంకోటి అంటగడుతున్నావు.

---

రాజోలు_నుంచి_కువైట్ | సెప్టెంబరు 9

పాప ప్రశ్న చదివాక నాకూ రాయాలనిపించింది. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను. పదకొండేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని. ఇప్పుడు అరబీ మాట్లాడతాను, హిందీ మాట్లాడతాను. నాతో పనిచేసే ఆమెది శ్రీలంక, ఆమె వల్ల కాస్త సింహళం కూడా అర్థమవుతుంది. ఒక్కటీ చదవడం రాదు, తెలుగు తప్ప.

వచ్చిన కొత్తలో క్యాలెండరు వెనక తెలుగులో రాసుకునేదాన్ని. మాయ్ అంటే నీళ్ళు. శినూ అంటే ఏమిటి. తఆలీ అంటే రా, రూహీ అంటే వెళ్ళు. ఒకరోజు ఇంటి చిన్నబాబును అన్నానికి పిలుస్తూ 'తఆలీ' అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు, వాళ్ళ అక్కలను పిలుచుకొచ్చి మళ్ళీ అనిపించాడు. తఆలీ ఆడవాళ్ళతో అనే మాటట, మగపిల్లవాడితో తఆల్ అనాలట. నాకెలా తెలుస్తుంది? ఆ ఇంట్లో అందరూ నాతోనే మాట్లాడతారు, నాకు వినిపించేవన్నీ ఆడమాటలే. నాకు చెప్పిన మాటలే నాకు వచ్చాయి, వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవి రాలేదు. ఆ తర్వాత పిల్లలు కొట్టుకుంటున్నప్పుడు చెవి పెట్టి వినడం అలవాటు చేసుకున్నాను. భాష అక్కడ బాగా వస్తుంది.

అందుకని పాపా, మాస్టారు నీతో చెప్పేదే కాదు, ఆయన వాళ్ళమ్మాయితో, పక్కింటి వాళ్ళతో ఫ్రెంచి మాట్లాడితే ఫోను అలాగే పెట్టి ఉంచమని అడుగు. మేలో ఇక్కడ ఇరవై రోజులు పూర్తిగా కర్ఫ్యూ పెట్టినప్పుడు నేను మా అమ్మాయికి ఫోను చేసి అలాగే పెట్టించుకునేదాన్ని. ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. మా అత్తగారు కోళ్ళను అదిలించడం వినిపించేది.

నువ్వు ఏదీ మానకు. నాకు మానుకునే వీలు లేక వచ్చాయి. నీకు ఇష్టంతో వస్తున్నాయి.

---

లెక్కలమాస్టారు_రిటైర్డ్ | సెప్టెంబరు 9

డెబ్బై ఎనిమిది అన్న మాట నేను సరిగ్గా చదవలేదు. నాకు డెబ్బై ఒకటి. మొన్నటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే అమ్మాయీ, ఇది భాషల లెక్క కాదు, ఫోను లెక్క. నీ వాటా అరవై నిమిషాలు. అందులో ఫ్రెంచికి ఎంత పోతోంది? ముప్పై అనుకుందాం. ఆ ముప్పై నిమిషాలూ నీకు కావలసింది మాట ఒక్కటే. బొమ్మ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మరి మాటకు మీ నాన్నగారి పెద్ద ఫోనెందుకు? మాస్టారి దగ్గర ఉన్నలాంటి బటన్ల ఫోను పాతది ఏ ఇంట్లోనైనా సొరుగులో పడి ఉంటుంది. అది పగలంతా నీ దగ్గరే ఉంటుంది, ఆయనకూ పగలు మాట్లాడటమే సుఖం. అప్పుడు రాత్రి గంటా బడికి మిగులుతుంది. నువ్వు నాలుగు భాషలను ఒక గంటలో కుక్కి, అవి తొక్కుకుంటున్నాయని బాధపడుతున్నావు.

లెక్కలు ఎలా ఉన్నాయి? త్రికోణమితి మొదలు పెట్టారా?

---

లంకపిల్ల | 2020 సెప్టెంబరు 20

అందరికీ జవాబు ఆలస్యమైంది, క్షమించండి.

బటన్ల ఫోను దొరికింది. మాస్కులకు గుడ్డ ఇచ్చే ఆవిడ ఇంట్లోనే ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పట్టడం లేదు, అమ్మ ఎలాస్టిక్ ముక్క చుట్టింది, మాస్కుకు వేసేదే. మధ్యాహ్నం మూడింటికి మాస్టారికి ఫోను. ఆ వేళకు అమ్మ మిషను ఆపుతుంది. అమ్మే ఆ వేళ పెట్టింది, నేను అడగలేదు. ద్రాక్షసారా ఇక వీయడం లేదు.

కువైట్ అమ్మగారూ, ఫోను పెట్టి ఉంచమని అడిగాను. మాస్టారు ఇంట్లో ఫ్రెంచి ఎవరితోనూ మాట్లాడరట. వాళ్ళమ్మాయికి రాదు. ఫ్రెంచిలో ఆయన మాట్లాడేది పిల్లితో. అది వింటున్నాను. పిల్లిని తిట్టే మాటలు నాలుగు వచ్చాయి.

పండిట్‌గారూ, పది వాక్యాలు విడిగా పెట్టాను. ఏడోదాంట్లో అనుమానం ఉంది.

లెక్కలమాస్టారూ, త్రికోణమితి గురించి తర్వాత మాట్లాడుకుందామండి.

---

లంకపిల్ల | 2021 జూలై 11

ఈ చర్చ ఇంకా ఉందో లేదో అనుకుంటూ వచ్చాను. నవంబరులో బడి తెరిచారు, ఏప్రిల్‌లో మళ్ళీ అంతా మూతపడింది. జూన్ నెలాఖరులో మా పదో తరగతి పరీక్షలు రద్దు చేశారు. లెక్కలమాస్టారు అడగకముందే చెబుతున్నాను, త్రికోణమితి అంతా వచ్చు, అడిగేవాళ్ళే లేరు. రాష్ట్రభాష ఇంకా రాయలేదు. తమ్ముడు ఇప్పుడు పానీ ఆయా అని సరిగ్గానే అంటున్నాడు, నేను రాసుకున్న జంటలు గోడ మీద చూసి చూసి.

మే నెలలో మూడు వారాలు మాస్టారి ఫోను మోగి మోగి ఆగిపోయేది. ఆ రోజులు రాయను. ఆయనా, వాళ్ళమ్మాయీ ఇద్దరూ కోలుకున్నారు.

నిన్న వెళ్ళాను. పదహారు నెలల తర్వాత సైకిలు మీద వంతెన దాటాను, హ్యాండిల్‌కు రెండు బొండాలు కట్టుకుని. నన్ను అరుగు మీదే కూర్చోమని, ఆయన గుమ్మం లోపల కుర్చీ వేసుకున్నారు. ఫోనులో రాసుకున్న పుస్తకాలు మూడూ ఇచ్చాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూసి, "అక్షరాల పక్కన ఈ సగం చుక్కలేమిటి?" అన్నారు. అరసున్న అండీ అన్నాను. ఆయనకు తెలియదు! చిన్నప్పుడంతా ఫ్రెంచి బడి కదా, తెలుగు చదవడం ఆయన పెద్దయ్యాక పత్రికలు చూసి నేర్చుకున్నారు. వాటిలో అరసున్న ఎక్కడుంటుంది? ఏడు, ఏఁడు రాసి చూపించాను. ఆయన రెండుసార్లు పలికి, తేడా వినిపించడం లేదే అన్నారు. ఇప్పుడు ఎవరికీ వినిపించదండీ, రాసేవాళ్ళు అంతే అన్నాను.

ఆ తర్వాత మామూలుగా డిక్టేషన్. ఇరవై వాక్యాలు. దిద్దిన పుస్తకం ఇంటికి తెచ్చి చూస్తే, నేను ముక్కు శబ్దం వదిలేసిన ఆరు చోట్లా ఎర్ర సిరాతో అరసున్నలు పెట్టి ఉన్నాయి. ఒకటి తిరగబడి ఉంది.